ఆయనకి మూడు చుక్కలు

జూన్ 12

కందిరీగకి,

మీ అక్క నిన్ను ఇలాగే పిలిచేది. నేను నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి కనుక వేరే పిలుపు తోచలేదు.

నువ్వు వచ్చి వెళ్ళి ఐదు వారాలైంది. ఇంట్లో అంతా బాగున్నారు. అంతా అంటే నేనే.

ఆమె పేరు మీద ల్యాబుకి వచ్చిన కవర్లను సీసాలాయన తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. సీసాలు కడిగే ఆ పెద్దమనిషి నీకు గుర్తుండే ఉంటాడు. వాటిని నేను ముట్టుకోలేదు. నిన్న మా కొత్త మేనేజరు ఇంటికే వచ్చాడు. గనిలోంచి తీసిన ఫ్లోరైట్ రాతిపొడి ఆరువందల టన్నులు టార్పాలిన్ కింద ఉంది, మీ ఫ్యాక్టరీ నుంచి అంకె రాలేదు, ఎప్పుడు పంపాలి అని అడిగాడు. అంకె వచ్చే ఉంటుంది, ఈ కవర్లలో ఉంటుంది అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. పద్ధతి మొత్తం చెప్పాల్సి వచ్చింది.

ప్రతి లాటులోంచి పొడి తీసి మూడు పొట్లాలు కడతాం. ఒకటి మా ల్యాబుకి, ఒకటి కొనేవాళ్ళ ల్యాబుకి. మూడోది లక్కముద్ర వేసి బీరువాలో పెడతాం. పొడిలో నూటికి ఎంత ఫ్లోరైట్ ఉందో రెండు ల్యాబులూ విడివిడిగా పరీక్ష చేసి, ఆ అంకెని ఒకే గురువారం పోస్టు చేస్తాయి. ఒకరి అంకె ఇంకొకరు ముందు చూడకూడదు. తేడా నూటికి అర లోపు ఉంటే సగటు తీసుకుంటాం. దాటితే మూడో పొట్లం బయటి ల్యాబుకి వెళ్తుంది. వాళ్ళు చెప్పిందే చివరి మాట.

"ఇక్కడ చేసేది మీ ఆవిడ. అక్కడ చేసేది?"

"ఆమె చెల్లెలు."

ఆయన నవ్వాడు. పందొమ్మిదేళ్ళలో మూడో పొట్లం రెండుసార్లే విప్పామని చెప్పాను. నవ్వు ఆపాడు.

ఆయన ముందే నీ కవరు విప్పాను. మీ అక్క అంకె 97.4. నీది 96.4. తొంభై ఏడు దాటితే మీ యాసిడ్‌కి పనికొస్తుంది. దాటకపోతే ఉక్కు కొలిమిలో వేయడానికి పోతుంది. ఆ సంగతి నీకు నేను చెప్పాలా.

అది ఆమె చేసిన ఆఖరి లాటు. గురువారం పోస్టు చేశాం. శనివారం పోయింది.

మూడో పొట్లం పంపేద్దామంటున్నాడు మేనేజరు. దాని మీద ఆమె చేతిరాత, ఆమె వేసిన లక్క ఉన్నాయి. అది విప్పే అవసరం రాకూడదని నా కోరిక. నీ పొట్లం మిగిలి ఉంటే మళ్ళీ ఒకసారి పరీక్ష చెయ్యి.

కవరులో ఆమెకి నువ్వు రాసిన చీటీ ఉంది. చదవలేదు. దీంతో తిప్పి పంపుతున్నాను.

బావ


జూన్ 19

బావా,

'గారు' తీసేశాను. మీరు నన్ను కందిరీగ అన్నారుగా, చెల్లుకి చెల్లు.

మీ ఉత్తరం చూసి మా ఆయన "టెలిగ్రామా?" అన్నారు. కాదు, రెండు పేజీలుంది అన్నాను. చదివి, "అయితే రెండు పేజీల టెలిగ్రాం" అన్నారు. కోప్పడకండి. మిమ్మల్ని 'రాళ్ళ బావ' అని అక్క ఊరికే అనలేదు. రాయిని తడితేనన్నా చప్పుడొస్తుంది అనేది.

చీటీ తిప్పి పంపక్కర్లేదు బావా. అందులో ఏముంది, వాన. మా ల్యాబు కిటికీలు మీరు చూడలేదు కదా. మేం చేసే యాసిడ్ గాజుని తినేస్తుంది. ఎంత మూసిపెట్టినా దాని ఆవిరి ఎలాగో బయటికొస్తుంది. కొత్త అద్దాలు వేసిన ఆరు నెలలకి పాలు పోసినట్టు మసకబారిపోతాయి. బయట వానో ఎండో తెలియాలంటే తలుపు తీసుకుని వెళ్ళి చూడాలి. పోస్టు చేసే ప్రతి గురువారం అంకె రాశాక నేను అలా వెళ్ళి చూసొచ్చేదాన్ని, అక్కకి రాయడానికి. మా మేస్త్రీ అనేవాడు, "అమ్మగారూ, ఫ్రిజ్‌ల్లో చల్లదనానికి మన యాసిడే, అల్యూమినియం కరిగించడానికి మన యాసిడే, పళ్ళపొడికీ మన యాసిడే, మనకి మాత్రం ఆకాశం కనపడదు" అని.

పరీక్ష మళ్ళీ చేశాను. ఒకసారి కాదు, రెండుసార్లు. 96.4, 96.5. బాగా చూశాను బావా. ఎక్కువ రావాలనే చూశాను. రాలేదు.

నా అంకె మార్చి రాయలేను. ఎందుకో మీకు కోపం రాకుండా చెప్పాలి. మీ పొడిలో నూటికి తక్కువైన ఆ ఒకటి గాలి కాదు కదా, సున్నపురాయి. అది మా కొలిమిలో యాసిడ్‌తో కలిస్తే పొయ్యి మీద పాలలా పొంగుతుంది. పాలు పొంగితే పొయ్యి తుడుచుకుంటాం. ఇది పొంగితే మూత ఎగిరిపోతుంది. ఆ మూత పక్కనే మేస్త్రీ నిలబడతాడు. ఇందాక చెప్పాను చూడండి, ఆకాశం కనపడదన్నవాడు.

ఒక మాట అడుగుతాను. అక్క ఏం మందులు వాడింది? చేతులు వణికేవా? బలమైన మందులకి వణుకుతాయంటారు. బ్యూరెట్ గాజుగొట్టం కింద కుళాయి దగ్గర వేలు కొంచెం కదిలినా ఒక చుక్క ఎక్కువ పడుతుంది. ఒక్క చుక్కకి అంకె నూటికి ఐదో వంతు పెరుగుతుంది, మీకూ తెలుసు.

ఏడు నెలలు జబ్బుతో ఉందట. నాకు ఆ మాట ఆమె పోయాక, మీ వాకిట్లో, ఎవరో పక్కింటావిడ చెప్పింది.

మీరు తింటున్నారా? ఏం తింటున్నారో రాయండి. 'బాగానే' అని రాస్తే ఊరుకోను.

మీ కందిరీగ


జూన్ 24

కందిరీగకి,

అన్నం వండుకుంటున్నాను. మాడ్చడం లేదు.

మీ అక్క చేయి వణకలేదు. ఒక్కరోజు కూడా. ఇది రాసిపెట్టుకో.

నీ ఉత్తరం వచ్చిన రోజే మేనేజరు పిలిచాడు. నీ రెండో పరీక్ష సంగతి మీ వాళ్ళు ఆయనకీ రాశారట. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"చూడండి, ఆవిడ పోయారు. ఆఖర్లో ఒంట్లో బాగాలేక పొరపాటు జరిగిందని రాసేద్దాం. ఎవరికీ నష్టం లేదు."

"ఆమెకి?"

"ఆవిడకి ఇంక ఏముందండీ."

నవంబరు నుంచి ఆమె సంతకంతో వెళ్ళిన లాటులు పదకొండు. అన్నిటి మీదా అనుమానం రాస్తారు. రిజిస్టరులో సంతకం పక్కన ఎర్రసిరా గీత పెడతారు. ముప్పై ఒక్క ఏళ్ళ రిజిస్టర్లలో అలాంటి గీత ఒక్కటి లేదు. నేను గనిలో సర్వే, మ్యాపులు చూసేవాణ్ణి. నా మ్యాపుల మీద ఎర్రగీతలు బోలెడు. ఆమె వాటిని చూసి నవ్వేది.

నువ్వు రాకపోవడం గురించి నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఏడు నెలల్లో ఆమెకి నీ దగ్గర్నుంచి పది చీటీలు వచ్చాయి. పదింటిలోనూ వానే. నాలుగు గంటల రైలు ప్రయాణం. ఒక్కసారి వచ్చి చూసి ఉంటే సరిపోయేది. మీ మేస్త్రీ మీద ఉన్నంత శ్రద్ధ చాలు.

మూడో పొట్లం బీరువాలో లేదు. తాళంచెవి ఆమె గుత్తిలోనే ఉంది. పొట్లం ఇంటికి తెచ్చాను. ఆమె ముద్ర పగలగొట్టి, ఆమె తప్పు చేసిందని ఇంకెవరో చెప్పడానికి నేను ఇవ్వను.

బావ


జూన్ 30

బావా,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి తిట్టుకున్నాను. మూడోసారికి, ఈ మనిషి ఇంత పొడుగ్గా రాశారంటే ఎంత బాధలో ఉన్నారో అనిపించింది.

సరే, వినండి. నాకు నవంబరులోనే తెలుసు.

ఎవరూ చెప్పలేదు. అంకెలు చెప్పాయి. పందొమ్మిదేళ్ళు అక్క అంకె, నా అంకె పక్కపక్కన చూశాను. తేడా పదో వంతు దాటేది కాదు. ఇద్దరికీ కుళాయి తిప్పడం నేర్పింది ఒకే మాష్టారు, కాలేజీలో. ఆవిడకి ముందు, నాలుగేళ్ళ తర్వాత నాకు. నవంబరు మొదటి లాటులో తేడా మూడు పదోవంతులు. పోనీలే అనుకున్నాను. తర్వాతిది రెండు, ఈసారి అటువైపు. తర్వాతిది మళ్ళీ మూడు. ఒకసారి పైకి, ఒకసారి కిందికి. రాత అక్కదే. చూపు మాత్రం అక్కది కాదు. ముసుగేసుకున్నా నడక బట్టి మనిషిని పోల్చుకుంటాం చూడండి, అలా.

అక్కకి ఏదో అయిందని తెలిసింది. ఆవిడే చెప్తుందని చూశాను. చీటీలో వాన అని రాసేది. నేనూ వాన అని రాసేదాన్ని. పిలవకుండా రైలెక్కి వస్తే, "ఏమే, నా అంకె చూసి వచ్చావా" అని అడుగుతుంది. అక్క ముందు నేను ఏనాడూ అబద్ధం ఆడలేకపోయాను. అవునని చెప్పాలి. ఆ మాట ఆవిడ ముఖం మీద చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఇదీ నా శ్రద్ధ. మేస్త్రీ మీదది వేరు.

ఇంకోటుంది. ఇది మా ఆయనకి కూడా చెప్పలేదు. ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి. ఆ రెండు లాటులకీ అక్క అంకె బాగా పైకి వస్తుందేమోనని భయం వేసింది. నేను చేసిన రెండు పరీక్షల సగటు రాయాలి. పెద్దది రాశాను. అబద్ధం కాదు బావా. ఉన్న రెండు నిజాల్లో పెద్దది ఎంచుకున్నాను. అలా అనుకునే నిద్రపోయాను.

ఆఖరి లాటుకి మాత్రం సగటే రాశాను. పెద్దది రాసినా తొంభై ఏడుకి చాలదని తెలిసింది కాబట్టి. నా గొప్పతనం ఏమీ లేదు.

పొట్లం తిరిగి పెట్టేయండి. దాన్ని మీరు దాస్తే, ఆ ఎర్రగీత మీ చేత్తోనే గీసినట్టు.

మా ల్యాబు పెద్దాయన మీ మేనేజరుకి ఇంకో ఉత్తరం రాశారు. మీ ల్యాబులో చుక్కలు ఎక్కడ ఆపాలో తెలిపే రంగుని ఆమె బదులు ఇంకెవరైనా చూశారేమో కనుక్కోమని. ఎవరై ఉంటారని నన్ను అడిగితే, అక్కడ ఉండేది సీసాలాయన ఒక్కడే, అక్కకి ఓపిక లేక అతన్ని చూడమని ఉంటుంది అన్నాను. అక్క పేరు నిలబడుతుందని అన్నాను. సరిగ్గానే చేశానా?

మీ కందిరీగ


జూలై 8

కందిరీగకి,

సీసాలాయన్ని సోమవారం నుంచి రావద్దన్నారు. విచారణ అయ్యేదాకా.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. కుర్చీ చూపించినా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్ళు సీసాలు కడిగానయ్యా. లోపల ఏముందని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు వాళ్ళు నన్ను అడుగుతున్నారు."

"నువ్వేం చెప్పావు?"

"కడిగానని చెప్పాను. అంతకన్నా నాకేం తెలుసు? తెలిసింది ఒకటుంది. అది నేను చెప్పేది కాదు."

నా వైపు చూడలేదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. అతనికి తెలుసు. ల్యాబు తలుపు బయట ఏడు నెలలు కాపలా ఉన్నది అతనే.

రంగు చూసింది నేను.

ఆమెకి కంటి వెనక గడ్డ. డాక్టరు చెప్పకముందే ఆమెకి తెలిసింది. మొదట ఎరుపు పోయింది. ఒక ఉదయం బ్యూరెట్ దగ్గర కూర్చుని, ఎప్పటికీ రంగు మారడం లేదేమిటి అనుకుందట. అప్పటికే మారిపోయి, దాటిపోయింది. ఫ్లాస్కు పారబోసి, సీసాలాయన చేత నన్ను పిలిపించింది. నేను గని పైకి వచ్చి, హెల్మెట్ తీయకుండానే వెళ్ళాను.

"మీకు ఎరుపు కనిపిస్తుందా?"

"ఎందుకు కనిపించదు?"

"అయితే ఇక్కడ కూర్చోండి."

అలా మొదలైంది. తూకం ఆమెదే. కలపడం, వడకట్టడం ఆమెవే. చేయి వణకలేదని రాశాను. అది నిజం. కుళాయి మీద చేయి మాత్రం నాది.

చుక్కలు పడేకొద్దీ ఫ్లాస్కులోని ద్రావణం ఎరుపులోంచి నీలంలోకి మారాలి. ఎరుపు పూర్తిగా పోయిన చుక్క దగ్గర ఆపాలి. ఆమె పక్కన స్టూలు మీద కళ్ళు మూసుకుని కూర్చునేది.

"ఇప్పుడు ఏ రంగు?"

"ఎరుపు."

"ఏ ఎరుపు? రాళ్ళకి పేజీలు పేజీలు వర్ణనలు రాస్తారు, దీనికి ఒక్క మాటేనా?"

"ఉల్లిపాయ పైపొర."

"ఊఁ. వెయ్యండి. ఇప్పుడు?"

"వంకాయ తొడిమ దగ్గర."

"ఇంకా రెండున్నాయి. నెమ్మదిగా. ఇప్పుడు?"

"దెబ్బ తగిలిన మూడో రోజు చర్మం."

"అబ్బ, ఎంత అందంగా చెప్పారు!" అని నవ్వేది. "ఇంకొక్కటి."

ముప్పై నాలుగేళ్ళ కాపురంలో మేం రంగుల గురించి మాట్లాడుకున్నది ఆ ఏడు నెలలే. ఆ పని ఇంకొంత కాలం సాగితే బాగుండునని నాకు ఉండేది. ఆమె జబ్బు వల్ల సాగుతున్న పని అది. అయినా ఉండేది.

నీకు చెప్పవద్దన్నది ఆమే. నేను రెండుసార్లు అడిగాను. "కందిరీగకి తెలిస్తే నా అంకె వైపు జరుగుతుంది. దాని జాలి దశాంశాల్లోకి దిగుతుంది. రెండు ల్యాబులు ఉండి ఏం లాభం?" అంది. నిన్ను నమ్మక కాదు. నిన్ను ఎరిగి.

ఇంకా ఉంది. ఏ పొట్లం గనిలో ఏ మట్టం నుంచి వచ్చిందో పరీక్ష చేసేవాళ్ళకి తెలియకూడదని ఆమె నియమం. నేను ఇంట్లో కూడా నోరు జారేవాణ్ణి కాదు. ఆమెకి తెలియదు. నాకు తెలుసు. సంచులు నింపించింది నేనే. ఆఖరి లాటు అడుగు మట్టంది. అక్కడ కూడా ఖనిజం సిర ఇంతే బాగుంటుందని ఆరేళ్ళ క్రితం మ్యాపు గీసి సంతకం పెట్టింది నేను. దిగి చూస్తే మంచి రాయికి ఉండే ఊదా రంగు పోయింది, ఆకుపచ్చ పలచబడింది. మధ్యలో గోరంత మందాన తెల్లటి సున్నపు చారలు. గోరంతే కదా అనుకున్నాను. అలా అనుకునేవాణ్ణి బ్యూరెట్ ముందు కూర్చోబెట్టకూడదు. ఎరుపు పోయిందా, లేదా, ఇంకా కొంచెం ఉందేమో. ఇంకొక్క చుక్క. అది ఎంత ఎక్కువైతే గని అంత మంచిదవుతుంది.

నిన్న పొట్లం తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టాను. ఇదంతా చెప్పాను. ఆయన పొట్లం తిప్పి ముద్ర చూశాడు. తర్వాత, "కూర్చోండి" అన్నాడు. కూర్చోలేదు. సీసాలాయన్ని రమ్మని కబురు పంపితేనే కూర్చుంటానన్నాను. పంపాడు.

నాకు తెలుసు, ఇది ఆమెకి పూర్తిగా మేలు చేయదు. చూడకుండా సంతకం పెట్టిందని రాస్తారు. పదకొండు సార్లు. తప్పు చేసిందన్న మాటకీ, దాచిందన్న మాటకీ మధ్య ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. దాచిందన్న ఆ ఎర్రగీతలో సగం నాది.

రైలు గురించి రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బావ


జూలై 19

బావా,

బయటి ల్యాబు అంకె మీకూ వచ్చే ఉంటుంది. 96.5. లాటు ఉక్కు ఫ్యాక్టరీకే. అది అయిపోయింది.

నేను మా పెద్దాయన దగ్గరికి వెళ్ళి ఫిబ్రవరి, మార్చి సంగతి చెప్పేశాను. మీరు చెప్పాక నేను చెప్పకుండా ఉంటే అన్నం సహించలేదు. మూడు నెలలు సంతకం చేయకూడదన్నారు. అంతదాకా గాజుసామాను చూసుకోమన్నారు. కాబట్టి ఇప్పుడు నేను కూడా సీసాలామెనే. మీ సీసాలాయనకి నా తరఫున క్షమాపణ చెప్పండి. గాజు మీద సున్నపు మరక ఎలా పోతుందో కూడా అడగండి, నాకు చేతకావడం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మిగతా పది లాటులనీ మళ్ళీ చూడాలని అక్క చిత్తు పుస్తకం తెప్పించారు కదా. మీ మేనేజరు పంపారు. అక్క రాత కోడి గీతలు. చివరి రోజుల్లో మరీను, కనపడక ఒక వరస మీద ఇంకో వరస రాసేసింది. మా వాళ్ళెవరికీ అర్థం కాలేదు. చదవడానికి నన్నే కూర్చోబెట్టారు.

బావా, మీరు ఆ పుస్తకంలో అక్క రాసిన పేజీలు ఎప్పుడూ చూడలేదా?

నవంబరు మొదటి లాటు. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాసింది. దాని కింద గీత. గీత కింద, "రంగు చూసింది ఆయన. ఆయనకి మూడు చుక్కలు." ఆ మూడు చుక్కలూ మొత్తంలోంచి తీసేసి, మిగిలిన దానికి లెక్క కట్టింది. నేను పేజీ తిప్పాను. రెండో లాటు. "ఆయనకి మూడు చుక్కలు." తీసివేత. మూడోది. మళ్ళీ అదే. పదింటికీ తీసివేత ఉంది.

మీరు మూడు చుక్కలు ఎక్కువ వేస్తారని అక్కకి తెలుసు. కళ్ళు మూసుకుని కూర్చుని మీరు కుళాయి తిప్పే చప్పుడు లెక్క పెట్టుకుందో, మీ గొంతు విని కనిపెట్టిందో. జనవరిలో ఒకచోట, "ఇవాళ రెండే. ధైర్యంగా ఉన్నారు" అని ఉంది. మార్చిలో, "నాలుగు. పొద్దున డాక్టరుతో వాదించి వచ్చారు." చదువుతూ చదువుతూ నేను గట్టిగా నవ్వేశాను. మా పెద్దాయన కళ్ళజోడు తీసి చూశారు. చదివి వినిపించాను. ఆయన కూడా నవ్వారు.

సరిచూడటానికి మూడో పొట్లాలు రెండు విప్పారు. ఫిబ్రవరిది, ఏప్రిల్‌ది. అక్క అంకెకీ వాటికీ తేడా రెండు పదోవంతులు కూడా లేదు. ఫిబ్రవరి దానికి నేను ఎంచుకున్న పెద్ద నిజం కన్నా అక్క అంకే దగ్గరగా ఉంది. నేను అనవసరంగా సాయం చేశాను.

దాచలేదు బావా. ఎవరు చూశారో, ఎంత ఎక్కువ చూశారో, ఎంత తీసేసిందో అన్నీ రాసి పెట్టింది. రాయడమే తప్ప పిలిచి చెప్పలేదంతే. పది లాటులూ ఉన్నవి ఉన్నట్టే ఉంచాలని మీ గనివాళ్ళూ, మా ఫ్యాక్టరీవాళ్ళూ ఒప్పుకున్నారు. గీతలేం లేవు.

పదకొండో పేజీ మాత్రం అక్క రాత కాదు. గుండ్రంగా, మ్యాపు కింద పేర్లు రాసినట్టు ఉంది. అది మీదే. మొత్తం ఉంది, లెక్క ఉంది. తీసివేత లేదు.

ఆ రోజు ఏం జరిగింది?

నాకు చెప్పనందుకు అక్క మీద కోపం ఇంకా పోలేదు. పోతే ఏం చేయాలో కూడా తెలియదు.

మీ కందిరీగ


జూలై 26

కందిరీగకి,

ఆ రోజు ఆమె మంచం దిగలేదు. తూకం ముందురోజే వేసి పెట్టింది. మిగతాది ఎలా చేయాలో పడుకునే చెప్పింది. ల్యాబుకి ఒక్కణ్ణే వెళ్ళాను. రంగు ఎవరికి చెప్పాలో తెలియలేదు. అయినా పైకే చెప్పాను. సీసాలాయన తలుపు బయట నుంచి, "ఊఁ" అన్నాడు. అప్పుడు నీలం నాకు సరిగ్గా కనిపించలేదు. ఐదు చుక్కలు ఎక్కువ వేసి ఉంటాను. లెక్క నేనే కట్టాను.

ఫారం పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళాను. ఆమె అంకె విని, "పుస్తకం తెచ్చారా?" అంది.

"పుస్తకం ఎందుకు? అంకె ఇదిగో."

"తెచ్చి ఉండాల్సింది."

"మళ్ళీ వెళ్ళి తేనా?"

నా ముఖం వైపు తల తిప్పింది. అప్పటికి ఆమెకి నేను ఒక నీడగా కనిపిస్తూ ఉండి ఉంటాను. తర్వాత, "వద్దు, కూర్చోండి" అంది. నా చేయి పట్టుకుని, పెన్ను ఎక్కడ పెట్టాలో అడిగి, సంతకం చేసింది.

ఓపిక లేదనుకున్నాను. నమ్మకం అనుకున్నాను. ఇన్నాళ్ళూ ఈ రెండింటిలో ఏది అయినా సరే అనుకుని సరిపెట్టుకున్నాను. ఆమె పుస్తకం అడిగింది నా చుక్కలు తీసివేయడానికి. నేను మళ్ళీ లేచి వెళ్ళడం ఇష్టం లేక ఊరుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆమె తెలిసి వదిలేసిన తప్పు అదొక్కటే. అది నాది.

మంగళవారం రిజిస్టరు నా ముందు పెట్టారు. పది లాటుల దగ్గర ఏమీ ముట్టుకోలేదు. పదకొండో దాని దగ్గర ఆమె సంతకం కింద, 'చూసినది, లెక్క కట్టినది నేను' అని రాసి నా సంతకం చేశాను. ఎర్రసిరా నేనే అడిగాను. మేనేజరు మారుమాట లేకుండా ఇచ్చాడు. గీత నా పేరు పక్కన పడింది.

అడుగు మట్టం మ్యాపు మళ్ళీ గీస్తున్నాను. సున్నపు చారలు ఉన్నంత మందాన వేస్తున్నాను.

సున్నపు మరకకి వెనిగర్‌లో తడిపిన గుడ్డ కట్టి ఉంచమన్నాడు సీసాలాయన. క్షమాపణ సంగతి చెప్తే, "ఆవిడ చెల్లెలేగా" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

నీ కోపం ఉండనీ. నా దగ్గర కూడా కొంచెం ఉంది. ఇద్దరం కలిసి పెట్టుకోవచ్చు.

పుస్తకంలో ఆ రోజు ఖాళీ పేజీ తీసి రాశానే తప్ప వెనక పేజీలు విప్పలేదు. ఆమె పని పుస్తకం ఆమె లేనప్పుడు చూడటం పద్ధతి కాదనుకున్నాను. మీ వాళ్ళ పని అయ్యాక అది పోస్టులో పంపవద్దు. నువ్వే తీసుకురా. నాలుగు గంటల రైలు. ఆమె రాత నాకు కూడా అర్థం కాదు, చదివి వినిపించాలి.

తొందరేం లేదని రాయబోయాను. ఉంది.

బావ